శస్త్రచికిత్స – నొప్పి మందులు – అలవాటు భయము

రాయపూరు ఆసుపత్రుల వార్డులలో ఛత్తీస్‌గఢీ, హిందీ, ఒడియా మాటల నడుమ తెలుగు మాటయు వినబడుట క్రొత్త కాదు. విజయనగరము నుండి పార్వతీపురము, రాయగడల మీదుగా రాయపూరు వరకు రైలుమార్గము 1931లో పూర్తియైనది. ఆ దారిని పనులకై వచ్చినవారి కుటుంబములును, చేరువనున్న భిలాయి ఉక్కు కర్మాగారమున ఉద్యోగములకై వచ్చినవారి కుటుంబములును ఎన్నో ఇచ్చట స్థిరపడినవి. రోగము వచ్చినప్పుడు వీరును తక్కిన పౌరులవలెనే, జనులు మేకాహారా అని పిలుచుకొను అంబేడ్కర్ స్మారక ఆసుపత్రికో, 2012లో తరగతులు ఆరంభించిన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకో, ఊరిలోని మరియొక వైద్యాలయమునకో పోవుచున్నారు.

ఏ ఊరి వార్డులోనైనను కానరాదగిన దృశ్యము నొకదానిని ఊహింపవచ్చును. తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగిన వృద్ధురాలు మంచముపై పడియున్నది. ప్రక్కకు ఒత్తిగిల్లలేదు. దగ్గు వచ్చినను నొప్పికి వెఱచి గట్టిగా దగ్గలేదు. నర్సు సూదిమందుతో వచ్చినంతనే కోడలు అడ్డు వచ్చి, "వద్దమ్మా, ఆ మత్తు సూది అలవాటైపోతుందట. అత్తయ్య ఎలాగో ఓర్చుకుంటారు" అనును. ఆ మాట విని ప్రక్క మంచపు రోగి, "ఏమీ కాదమ్మా, కిందటేడు నా ఆపరేషనుకు ఇచ్చిన మాత్ర ఇప్పటికీ నడుము నొప్పికి కొనుక్కుని వేసుకుంటూనే ఉన్నాను" అని ధైర్యము చెప్పును. కోడలి భయములో ప్రేమ కలదు. అతని ధైర్యములో అనుభవము కలదు. అయినను ఇద్దరును పొరబడినారు. భయపడనక్కరలేని చోట ఆమె భయపడుచున్నది; భయపడవలసిన చోట అతడు భయపడుట లేదు.

ఏవి ఈ మందులు?

శస్త్రచికిత్సలో వాడు మందులన్నింటికిని జనులు "మత్తుమందు" అని ఒకే పేరు పెట్టుటవలన చిక్కు వచ్చుచున్నది. స్పృహ పోగొట్టునవి కొన్ని. నడుము వద్ద వెన్నులోనికి ఎక్కించి క్రింది భాగము మొద్దుబారునట్లు చేయునవి కొన్ని. పారాసిటమాల్, డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి సాధారణమైన నొప్పి మందులు కొన్ని. వెన్నులోని సూదికి వాడు మొద్దుబార్చు మందునకు గాని, పారాసిటమాల్ వంటి వానికి గాని వ్యసనము కలిగించు గుణము లేదు. వాని కీడులు వేరు. డైక్లోఫినాక్ జాతి మందులను మితిమీరి వాడినచో కడుపులో పుండ్లు పడును, మూత్రపిండములు చెడును. పారాసిటమాల్ మితిమీరినచో కాలేయము పాడగును.

అలవాటు భయమునకు కారణమైనవి నల్లమందు జాతి మందులు మాత్రమే. గసగసాల కాయను గీరగా కారు పాలే నల్లమందు. దానినుండి మార్ఫిన్ అను సారమును జర్మనీ దేశీయుడైన సెర్ట్యూర్నర్ 19వ శతాబ్ది ఆరంభమున వేరు చేసెను. మన దేశమున గసగసాల పంట మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో ప్రభుత్వ అనుమతిపై మాత్రమే పండును. ఆ పంట నీమచ్, గాజీపూరులలోని ప్రభుత్వ కర్మాగారములకు చేరును. 2000 సంవత్సరమున ఛత్తీస్‌గఢ్ వేరుపడువరకు రాయపూరును, నీమచును ఒకే రాష్ట్రమున ఉండెడివి. మార్ఫిన్ గాక, పూర్తిగా రసాయనశాలలో పుట్టిన ఫెంటనిల్, ట్రమడాల్, టాపెంటడాల్, పెంటజోసిన్ మొదలైనవియు ఈ కోవలోనివే. ఫెంటనిల్‌ను బెల్జియమున పాల్ జాన్సెన్ 1960 ప్రాంతమున కనుగొనెను. అది మార్ఫిన్ కంటె ఇంచుమించు నూరు రెట్లు తీక్ష్ణమైనది. అందుచేత దానిని మిల్లీగ్రాములలో గాక, మిల్లీగ్రామున వెయ్యవవంతైన మైక్రోగ్రాములలో కొలిచి ఇత్తురు. శస్త్రచికిత్సకు అది అనుకూలమగుటకు కారణము దాని బలమొక్కటియే కాదు. అది క్షణములలో పనిచేసి, ఒక్క మోతాదు ఇచ్చినప్పుడు అరగంట, గంటలో వీడిపోవును.

ఆపరేషను బల్లపై అసలు ప్రమాదము

ఈ మందుల వలన శస్త్రచికిత్స వేళ భయపడవలసినది వ్యసనమును గూర్చి కాదు, ఊపిరిని గూర్చి. నల్లమందు జాతి మందులు మెదడులో శ్వాసను నడుపు భాగమును మందగింపజేయును. మోతాదు మించినచో రోగి శ్వాస తీయుట మరచినవానివలె ఉండిపోవును.

ఈ సత్యమునకు సంబంధించిన ఒక అధ్యాయము తెలుగుదేశముననే జరిగినది. క్లోరోఫారము వలన సంభవించు మరణములకు గుండె ఆగుట కారణమా, శ్వాస ఆగుట కారణమా అను వివాదము తీర్చుటకై హైదరాబాదులో 1888లోను, 1889లోను రెండు పరిశోధక సంఘములు పనిచేసినవి. రెసిడెన్సీ శస్త్రవైద్యుడు ఎడ్వర్డ్ లారీ దీనికి పూనుకొనెను. నిజాము ప్రభుత్వము వ్యయము భరించెను. రెండవ సంఘమునకు లండను నుండి లాడర్ బ్రంటన్ అను వైద్య శాస్త్రజ్ఞుడు వచ్చెను. ఆ కాలముననే హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి క్లోరోఫారము ఇచ్చుటలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూన్జీ, మత్తు వైద్యమును వృత్తిగా చేపట్టిన తొలి మహిళలలో ఒకరుగా పేరుగాంచెను. నాడి కంటె ముందు శ్వాసనే కనిపెట్టి యుండవలెనని ఆ సంఘములు తేల్చినవి. క్లోరోఫారము విషయమున ఆ తీర్పు సగమే నిజము. అది గుండెను కూడ హఠాత్తుగా ఆపగలదని 1911లో లెవీ పరిశోధనలు చూపినవి. కాని నల్లమందు జాతి మందుల విషయమున నాటి హెచ్చరిక నేటికిని అక్షరాల వర్తించును.

నేడు మత్తు వైద్యుడు రోగి తలాపున కూర్చుండి శస్త్రచికిత్స ముగియువరకు కదలడు. వ్రేలికి తొడిగిన పల్స్ ఆక్సీమీటరు రక్తములోని ప్రాణవాయువును, మరియొక యంత్రము విడచు గాలిలోని బొగ్గుపులుసు వాయువును నిమిషనిమిషమునకు చూపుచుండును. శ్వాస మందగించినచో కృత్రిమ శ్వాస నిచ్చు సాధనము చేతికందునంత దూరమున ఉండును. నాలొక్సోన్ అను విరుగుడు కూడ కలదు. అది ఒకటి రెండు నిమిషములలో మందు పట్టును విడిపించును. అయితే విరుగుడు బలము మార్ఫిన్ బలము కంటె ముందుగా తగ్గిపోవును గనుక, మేల్కొన్న రోగిని వెంటనే ఇంటికి పంపరు. బంధువులు "ఆపరేషను అయిపోయినను వార్డుకు తేరేమి?" అని తొందరపడుట సహజమే, ఆ జాప్యము ఎక్కువగా ఈ కనిపెట్టుట కొరకే.

వైద్యునికి దాచరాని విషయములు

రోగి చెప్పకున్న యంత్రములు కనిపెట్టలేని సంగతులు కొన్ని కలవు. గట్టిగా గురక పెట్టుచు నిద్రలో ఊపిరి ఆగువారు, స్థూలకాయులు, వృద్ధులు, మూత్రపిండముల వ్యాధి కలవారు ఈ మందులకు త్వరగా లొంగుదురు. ఇవి దాచువారు తక్కువ. సిగ్గుచేత దాచునది త్రాగుడును, మత్తుమాత్రలును. ఛత్తీస్‌గఢ్ గ్రామములలో ఇప్పసారా, తెలంగాణములో కల్లు నిత్యకృత్యమైన ఇండ్లు కలవు. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రాజోలామ్, డయజిపామ్ వంటి నిద్రమందులు కలుపు దురాచారము బయటపడినది. 2015లో కల్తీ కల్లుపై దాడులు సాగినప్పుడు నిజామాబాదు మొదలైన జిల్లాలలో వందలమంది వణుకుతో, మూర్ఛలతో, మతి చెదరి ఆసుపత్రులకు వచ్చిరి. వారిలో పెక్కురు తాము త్రాగినది కల్లే యనుకొనిరి గాని, నిద్రమాత్రలకు బానిసలైతిమని ఎరుగరు. అట్టివాడు ఆసుపత్రిలో చేరి రెండు దినములు కల్లు లేకుండుటచే వణికినచో, కారణము తెలియనివారు మందు వికటించినదని భ్రమింతురు. పైగా నిద్రమందును, నల్లమందు జాతి మందును ఒకే శరీరమున కలిసినచో శ్వాస రెండింతలు మందగించును. మత్తు వైద్యుడు పోలీసువాడు కాడు. త్రాగునది ఎంత, ఎన్నాళ్ల నుండి అని ఆయన అడుగుట మోతాదు నిర్ణయించుటకే.

అలవాటు వేరు, వ్యసనము వేరు

ఈ మందులను కొన్ని వారములు ఎడతెగక వాడినచో ఎవరి శరీరమైనను వానికి అలవాటు పడును. పూర్వపు మోతాదు చాలకపోవును. హఠాత్తుగా మానినచో ఆవులింతలు, ముక్కు కారుట, చెమటలు, ఒళ్లు నొప్పులు, కడుపులో మెలిపెట్టుట, విరేచనములు, నిద్రలేమి కలుగును. ఇది శరీర ధర్మము. క్రమముగా తగ్గించినచో పోవును. వ్యసనము దీనికంటె వేరు. నొప్పి పోయినను మందు కావలెనను తహతహ, దాని కొరకు అబద్ధమాడుట, అప్పు చేయుట, కీడు తెలిసియు మానలేకపోవుట దాని లక్షణములు. ఆపరేషను బల్లపై ఇచ్చిన ఒక మోతాదు, వార్డులో రెండు మూడు దినములు ఇచ్చిన సూదులు ఈ రెండు స్థితులను కలిగించుట మిక్కిలి అరుదు.

ఇందుకు సాక్ష్యముగా ఒక ఉత్తరమును ప్రపంచమంతటను ఉదాహరించిరి. 1980 జనవరిలో అమెరికాలోని ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో పోర్టర్, జిక్ అను ఇరువురు ఐదు వాక్యముల లేఖ నొకటి ప్రకటించిరి. ఆసుపత్రులలో ఇట్టి మందులు పొందిన 11,882 మంది రోగులలో, పూర్వము వ్యసనము లేకుండి క్రొత్తగా వ్యసనపరులైనట్లు తేలినవారు నలుగురే యని దాని సారాంశము. ఆ లేఖ చెప్పినది అంతవరకే. కాని తరువాతి ఏండ్లలో మాత్రల వ్యాపారమును సమర్థించువారు దానిని చూపి, ఇంటికి నెలల తరబడి మాత్రలు వ్రాసి ఇచ్చినను భయము లేదని ప్రచారము చేసిరి. 2017లో అదే పత్రికలో వచ్చిన పరిశీలన ప్రకారము ఆ లేఖను ఉదాహరించిన 608 వ్యాసములలో నూటికి ఎనుబది, ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవారను సంగతినే చెప్పలేదు. ఒక్క మాట విడిచిపెట్టిన ఫలితమెంతటిదో చూడవచ్చును. వ్యసనముతో పాటు దొంగచాటు మందులును వ్యాపించి, 2021లో ఆ దేశమున నల్లమందు జాతి పదార్థముల మోతాదు మించి మరణించినవారు 80,000 దాటిరి.

ఆసుపత్రికిని ఇంటికిని గల భేదమును అంకెలును చూపుచున్నవి. 2017లో ప్రకటింపబడిన ఒక అమెరికా అధ్యయనమున, పూర్వము ఈ మందులు వాడని 36,177 మంది శస్త్రచికిత్స రోగులను పరిశీలించిరి. చికిత్స జరిగి మూడు నెలలు దాటిన పిమ్మటను మాత్రలు కొనుచున్నవారు చిన్న శస్త్రచికిత్సలలో నూటికి 5.9, పెద్దవానిలో 6.5. శస్త్రచికిత్స లేనివారిలో ఇది 0.4 మాత్రమే. చిన్న కోతకును పెద్ద కోతకును ఇంచుమించు ఒకే లెక్క వచ్చుట గమనింపదగినది. అనగా మాత్రలను విడువనీయనిది గాయపు పరిమాణము కాదు. పొగాకు, మద్యము, పూర్వమునుండి గల దీర్ఘకాలపు నొప్పులు, మనోవ్యాకులత కలవారిలోనే ఇది హెచ్చుగా కనబడినది. అదే యేడు మరియొక పరిశీలనలో, మొదట కనీసము ఒక్క దినమైనను మందు పొందినవారిలో ఏడాది తరువాత వాడుచున్నవారు నూటికి 6 మంది కాగా, 31 దినములు లేక అంతకు మించి పొందినవారిలో దాదాపు 30 మంది. అమెరికా అంకెలు యథాతథముగా మనకు వర్తింపవు; అచ్చట వ్రాయు మాత్రల సంఖ్య వేరు. కాని దినములు పెరిగిన కొలది ముడి బిగియుట ఏ దేశమునకైనను ఒకటే.

భారతదేశమున ఇంతకు విరుద్ధమైన కష్టమును ప్రజలు అనుభవించిరి. 1985లో మాదకద్రవ్య నిరోధక చట్టము వచ్చిన పిమ్మట అనుమతుల జంజాటమునకు వెఱచి ఆసుపత్రులు మార్ఫిన్ నిలువ చేయుట మానినవి. 1997 నాటికి దేశమంతటి వైద్య వినియోగము నూటికి 97 వంతులు పడిపోయి 18 కిలోలకు దిగెను. కాన్సరు రోగులు నొప్పితో అలమటించి మరణించిరి. 2014లో చట్టమును సవరించి మార్ఫిన్, ఫెంటనిల్ మొదలైన ఆవశ్యక మందుల అనుమతిని సులభము చేసిరి. మరియొక ప్రక్క, వైద్య అవసరము లేకయే నల్లమందు జాతి పదార్థముల వలన చిక్కులలో పడి సహాయము కావలసినవారు దేశమున సుమారు 77 లక్షల మంది యని 2019లో వెలువడిన జాతీయ సర్వే తెలిపినది. నొప్పికి మందు దొరకనివారును, నొప్పి లేకయే మందునకు బానిసలైనవారును ఒకే దేశమున ప్రక్కప్రక్కన ఉన్నారు.

కొడవలికణ వ్యాధి కలవారు

రాయపూరు ప్రాంతమున ఈ విషయము చర్చించునప్పుడు సికిల్ సెల్ అను కొడవలికణ వ్యాధిని విడువరాదు. ఛత్తీస్‌గఢ్‌లో ఇది విస్తారముగా ఉన్నది. దీని కొరకు రాయపూరులో ప్రత్యేక సంస్థయే కలదు. ఆంధ్ర, తెలంగాణముల గిరిజన ప్రాంతములలోను ఇది కానవచ్చును. దీని నిర్మూలనకై కేంద్ర ప్రభుత్వము 2023 జులై 1న జాతీయ కార్యక్రమమును ఆరంభించినది. ఈ వ్యాధిలో ఎఱ్ఱకణములు కొడవలి రూపు దాల్చి సన్నని రక్తనాళములను మూయును. అప్పుడు కలుగు నొప్పి ఎముక విరిగినంత తీవ్రము. దానికి తరచు మార్ఫిన్ వంటి మందే కావలసి వచ్చును. పలుమార్లు ఆసుపత్రికి వచ్చి, ఏ మందు ఏ మోతాదులో తనకు పనిచేయునో ఎరిగి చెప్పు యువకుని జూచి "వీడు మందుకు మరిగినాడు" అనుట అన్యాయము. అతడు తెలిసికొనినది తన రోగమును. ఇట్టివారికి శస్త్రచికిత్స వేళ చలి తగులుట, నీరు తగ్గుట, ప్రాణవాయువు తగ్గుట మూడును అపాయకరములు. చికిత్సానంతరము నొప్పిని అణచకున్నచో లోతుగా ఊపిరి పీల్చలేక ఛాతీలో వ్యాధి ముదిరి ప్రాణాంతకము కావచ్చును. కుటుంబమున ఈ వ్యాధి యున్నచో రోగికి స్వయముగా లక్షణములు లేకున్నను ముందే చెప్పి రక్తపరీక్ష చేయించుకొనవలెను.

ఆ వృద్ధురాలి సంగతియు ఇట్టిదే. నొప్పికి దగ్గలేనివారి ఊపిరితిత్తులలో కఫము నిలిచి న్యుమోనియా వచ్చును. కదలనివారి కాళ్లలో రక్తము గడ్డకట్టును. ఓర్పు సుగుణమే గాని, తుంటి విరిగిన వృద్ధురాలి వద్ద దానిని కోరుట తగదు.

ఇంటికి వచ్చిన పిమ్మట

చీటీలో సామాన్యముగా రెండు మూడు విధముల మాత్రలుండును. వానిలో ఏది నల్లమందు జాతిది, ఎన్ని దినములు, నొప్పి తగ్గినచో మొదట ఏది మానవలెను అని ఇంటికి బయలుదేరుటకు ముందే అడుగవలెను. సాధారణ శస్త్రచికిత్సలలో పారాసిటమాల్ వంటివానిని వేళకు వేసికొని, గట్టి మాత్రను భరింపరాని నొప్పికి మాత్రమే కొలది దినములు వాడుట మంచి పద్ధతి. ఆరోగ్యవంతులైన పెద్దలకు పారాసిటమాల్ దినమునకు నాలుగు గ్రాములు, అనగా 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది మించరాదు. త్రాగుడు కలవారికి, కాలేయ వ్యాధి కలవారికి, బక్కపలచనివారికి ఇంకను తక్కువ. ట్రమడాల్‌తో పారాసిటమాల్ కలిసిన మాత్రలు కూడ విక్రయింపబడుచున్నవి గనుక ఒకే మందును రెండు పేర్లతో రెండుసార్లు మ్రింగు పొరబాటు జరుగుచున్నది.

ట్రమడాల్ సామాన్యపు మాత్ర యను భ్రమ చాలమందికి కలదు. 2018 నుండి అది మాదకద్రవ్య చట్టము క్రిందికి వచ్చినది. మోతాదు మించినచో మూర్ఛలు తెప్పించును. పండ్రెండేండ్లలోపు పిల్లలకు దీనిని గాని, కోడీన్ గాని ఈయరాదు. సిజేరియన్ జరిగి పాలిచ్చు తల్లులకును ఇవి తగవు, పాల ద్వారా బిడ్డకు చేరి బిడ్డ శ్వాసను మందగింపజేయగలవు. వారికి వేరు మందులు కలవు, అడిగినచో వైద్యులు ఇత్తురు. ఇట్టి మందులను చీటీ లేకుండ అమ్మరాదనియు, కొన్నవారి వివరములు వ్రాసియుంచవలెననియు దుకాణదారులకు నియమము. "తెలిసినవాడే గదా" అని చీటీ లేకుండ ఇచ్చు దుకాణదారు చేయునది ఉపకారము కాదు. మిగిలిన మాత్రలను పొరుగువారి నడుము నొప్పికి దానము చేయుట, "ఎందుకైనా మంచిదని" బీరువాలో దాచుట రెండును మానవలెను.

ఈ మాత్రలు వాడు దినములలో మద్యము, నిద్రమాత్రలు తాకరాదు. మలబద్ధకము తప్పక వచ్చును. దానికి ముందుగనే మందు అడుగవచ్చును. రోగి పిలిచినను పలుకక, నిమిషమునకు ఎనిమిదికి తక్కువగా ఊపిరి తీయుచు, గుర్రుగుర్రుమను ధ్వని చేయుచు, కంటిపాపలు సూదిమొనలవలె చిన్నవైనచో అది గాఢనిద్ర కాదు. ఒక ప్రక్కకు పరుండబెట్టి, వెంటనే 108కి ఫోను చేసి, వాడిన మాత్రల అట్టను కూడ తీసికొని పోవలెను.

గాయము మానిన పిమ్మటను మాత్ర లేనిదే నిద్రపట్టుట లేదని, దినమెల్ల పని సాగుట లేదని గమనించినవారు ఒక్కసారిగా మానబోరాదు, దాచుకొననూ రాదు. శస్త్రచికిత్స చేసిన వైద్యుని వద్దకే మరల పోయి చెప్పినచో మోతాదును కొలది కొలదిగా తగ్గించు క్రమము వ్రాసి ఇచ్చును. అవసరమైనచో బ్యూప్రెనార్ఫిన్ వంటి మందులతో చికిత్స చేయు కేంద్రములకు పంపును. మాదకద్రవ్యముల సహాయమునకు 14446 సంఖ్యయు, మనోవ్యాకులతకు తెలుగుతో సహా పలు భాషలలో పనిచేయు టెలి మానస్ 14416 సంఖ్యయు రుసుము లేనివి. ఫోను చేయునప్పుడు మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, దినమునకు ఎన్ని, ఏ నెల నుండి అను నాలుగు సంగతులు కాగితముపై వ్రాసికొని దగ్గర ఉంచుకొనవలెను.